ఎవరూ తెరవని పేజీలు

"కంప్యూటర్ అబద్ధం చెప్పదు మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్, మానిటర్ నెత్తిన అరచేత్తో రెండుసార్లు తట్టి.

"చెప్పదు. అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతుంది. నువ్వేం అడిగావన్నదే నా అనుమానం."

"హిస్టరీ అడిగాను. చూపించింది. చూసింది రాశాను. ఇంకేం అడగాలి?"

ఇరవై రెండేళ్ళు ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో అసిస్టెంటుగా పనిచేశాను నేను. ఈ ఇన్‌స్పెక్టర్ అక్కడ మూడో వరసలో కూర్చుని, తను రాసిన ప్రోగ్రాం నడవకపోతే మిషన్‌ని తిట్టిన కుర్రాడే. ఇప్పుడు వేసుకునే బట్టలు మారాయి, మనిషి మారలేదు. ఉద్యోగం మానేసి నేను ప్రైవేటు డిటెక్టివ్‌నయ్యాక మేమిద్దరం ఎదురుపడిన మూడో కేసు ఇది. నన్నింకా ల్యాబ్ మేడమ్ అనే పిలుస్తాడు. గౌరవం నోట్లో ఉంటుంది, మొండితనం ఎముకల్లో ఉంటుంది.

టైము మధ్యాహ్నం మూడూ ఐదు. నాలుగింటికి స్టేషన్ వ్యాను వచ్చి ఈ కంప్యూటర్‌ని పట్టుకుపోతుంది. ఆ తర్వాత ఫైలు మూసేస్తారు. అందులో ఆఖరి మాట ఆత్మహత్య అని ఉంటుంది. అంటే నా చేతిలో ఉన్నది యాభై ఐదు నిమిషాలు.

తొమ్మిది రోజుల కిందట, మంగళవారం మధ్యాహ్నం మూడూ పదికి, ఈ ఇంటి పెద్దాయన బయటి మెట్ల మలుపులో పిట్టగోడ మీదుగా కిందపడ్డాడు. కింది వాటాలో ఉన్న దర్జీ మిషన్ ఆపి పరుగెత్తుకొచ్చేసరికే ప్రాణం పోయింది. ఆయన కంప్యూటర్ హిస్టరీలో ఒకటే ప్రశ్న, ఏడు వారాల్లో పదిహేడుసార్లు: "నొప్పి తెలియకుండా పోవడం". చివరిసారి అదే మంగళవారం, మూడూ రెండుకి. మధ్యలో ఎనిమిది నిమిషాలు. ఇన్‌స్పెక్టర్‌కి అంతకంటే ఏం కావాలి?

నన్ను పిలిపించింది ఆయన భార్య. ఒక్కటే అడిగింది. "ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు నాకక్కర్లేదమ్మా. ఆయన నన్ను కావాలనే వదిలేసి వెళ్ళారా? అదొక్కటి కనుక్కుని చెప్పు."

ఆవిడ ఇప్పుడు గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. రెండు మోకాళ్ళూ పట్టేసిన మనిషి. ఈ మూడో అంతస్తు దిగి రెండేళ్ళయిందట, కంటి ఆస్పత్రికి తప్ప.

"ఆ రోజు మధ్యాహ్నం ఏం జరిగిందో మళ్ళీ ఒకసారి చెప్పండమ్మా," అన్నాను.

"రెండున్నరకి భోజనాలయ్యాయి. నేను లోపల నడుం వాల్చాను. ఆయన ఇక్కడ కూర్చున్నారు. కాసేపటికి కుర్చీ కిర్రుమంది. సొరుగు లాగిన చప్పుడు. తలుపు తీసిన చప్పుడు. అంతే."

"ఏమీ అనలేదా?"

ఆవిడ పెదవి కొరుక్కుంది. "నలభై ఒక్క ఏళ్ళమ్మా. వీధి చివరికెళ్ళినా 'వెళ్ళొస్తా' అనకుండా గడప దాటలేదు. నేను మాగన్నుగా పడుకున్నా సరే, తట్టి లేపి చెప్పేవారు. విసుక్కునేదాన్ని కూడా. ఆ రోజు అనలేదు. తిరిగొచ్చేవారైతే అనేవారు కదా అని, ఇదిగో, ఇక్కడ పట్టుకుంది." గుండె మీద వేలు పెట్టి చూపించింది.

నేను బల్ల వైపు తిరిగాను.

"ఈ అద్దాలెవరివి?" బల్ల మీద పెట్టెలో పదిలంగా ఉన్న కళ్ళజోడు చూపించాను.

"ఆయనవే. బయటికెళ్ళేటప్పుడు పెట్టుకునేవి."

"మరి కింద పగిలి దొరికినవి?"

"చదువుకునేవి."

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా నవ్వాడు. "చావబోయేవాడికి ఏ అద్దాలైతే ఏంటి మేడమ్?"

"చావబోయేవాడికి అసలు అద్దాలెందుకు బాబూ? చదివే అద్దాలతో మెట్లు ఎలా కనిపిస్తాయో నీకు తెలీదు. నీకింకా ఆ వయసు రాలేదు. రెండో మలుపులో ఒక మెట్టు మిగతావాటికంటే రెండంగుళాలు పొట్టి. ఇందాక ఎక్కుతుంటేనే నా కాలు తడబడింది. దాని పక్కనే పిట్టగోడ. నా మోకాలు దాటి జానెడు కూడా లేదు."

"మెట్లు దిగేవాళ్ళందరూ పడిపోతున్నారా?"

"పరుగున దిగేవాళ్ళు పడతారు. ఆయన జేబులో ఏం దొరికింది?"

ఫైలు తిప్పాడు. "రుమాలు. ఇంటి తాళంచెవి ఒకటి."

"భార్య ఇంట్లో ఉంది. తలుపు తీసే ఉంది. తాళంచెవి ఎందుకు పట్టుకెళ్ళాడు? ఇలా ఇయ్యి."

కవర్లోంచి తీసిచ్చాడు. నేను లేచి వెళ్ళి వీధి తలుపు తాళంలో పెట్టాను. సగం వరకు కూడా వెళ్ళలేదు. పక్క తలుపు, బీరువా, అన్నీ చూశాను. ఈ ఇంట్లో ఏ తాళానికీ పట్టలేదు. ఇన్‌స్పెక్టర్ కవరు మీద తను రాసిన 'ఇంటి తాళంచెవి' అన్న మాట వంక చూసుకున్నాడు. తాళంలో పెట్టి చూడాలన్న ఆలోచన అతనికి ఈ తొమ్మిది రోజుల్లో రాలేదు మరి.

అప్పుడే కూతురు టీ తెచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. రెండు వీధుల అవతల కాపురం. భర్తది వేరే ఊళ్ళో ఉద్యోగం, వారానికోసారి వస్తాడు. తండ్రి పోయినప్పటి నుంచి తల్లి దగ్గరే ఉంటోంది. ట్రే కింద ఒక పాత ఫోన్ పట్టుకుంది. దాని వీపు మీద తెల్లరంగుతో ఏదో గీత గీసినట్టుంది.

"మీ నాన్నగారు ఆ వారం దిగులుగా ఉన్నారా?" అడిగాను.

"తెలీదండీ."

"మీతో ఎప్పుడు మాట్లాడారు?"

"ముందురోజు. కంప్యూటర్ పాడైందన్నారు. ఏదో వైరస్ పట్టింది, వింత వింత ప్రశ్నలు అడుగుతోంది అన్నారు." ట్రేలో కప్పు ఒకటి పక్కకి జరిపింది. "నేను సరిగ్గా వినలేదు. పడుకోవాలి నాన్నా అని పెట్టేశాను."

టీ అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి నడకలో బరువు తెలిసింది. తండ్రి పోయిన దుఃఖం అనుకున్నాను. ఎవరైనా ఆవులిస్తే పేగులు లెక్కపెడతానని ఊళ్ళో నాకు పేరు. ఆ పూట నా కళ్ళు ఏమయ్యాయో నాకే తెలీదు.

టైము మూడూ ఇరవై. కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

బ్రౌజర్ తెరిచానో లేదో, మూలన ఒక పెట్టె ఎగిరింది: మీకు కారు బహుమతి వచ్చింది. అది మూస్తే రెండోది: మీ కంప్యూటర్లో ముప్ఫై వైరస్‌లు. మొదటి పేజీ కూడా ఆయన పెట్టుకున్నది కాదు, ఏదో అంగడి పేజీ. ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి జరుపుకుని, నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగుతున్నాడు.

ఇలాంటివి ల్యాబ్‌లో వందల కొద్దీ చూశాను. ఒక పద్ధతుంది. ఒక్కొక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ మూసి మళ్ళీ తెరిచి చూడాలి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల నయమైందో దేవుడికి కూడా తెలీదు. ముందు నోటిఫికేషన్ల జాబితా తెరిచాను. ఎప్పుడో పొరపాటున "సరే" నొక్కిన మూడు సైట్లున్నాయి. తీసేశాను. మూసి తెరిచాను. పెట్టెలు ఎగరడం మానేశాయి. తర్వాత ఎక్స్‌టెన్షన్లు, బ్రౌజర్‌కి తగిలించుకునే అదనపు ముక్కలు. వాతావరణం చెబుతానని దూరినది ఒకటి మొదటి పేజీని మారుస్తోంది. దాన్ని పీకాను. అంగడి పోయి తెల్ల పేజీ వచ్చింది.

"ఆరు నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వాచీ చూసి. "కొండను తవ్వి ఎలుకను పట్టారు మేడమ్."

"ఎలుక పోయింది. పాము ఉందేమో చూద్దాం."

అడ్రస్ బార్‌లో "నొ" అని రెండక్షరాలు కొట్టాను. వెంటనే కిందికి జారింది ఆ పాత ప్రశ్న. నొప్పి తెలియకుండా పోవడం. స్టూలు మీది నుంచి ఆవిడ సన్నగా మూలిగింది. నేను చప్పున చెరిపేశాను.

పెట్టెలు ఎగరడం ఒక జబ్బు, ఈ ప్రశ్నలు వేరే జబ్బు. రెండూ ఒకే మిషన్‌కి ఒకేసారి పట్టాయి కాబట్టి అందరూ ఒకటే అనుకున్నారు. పెద్దాయన కూడా అలాగే అనుకుని ఉంటాడు.

ఆ బల్ల చుట్టూ చూశాను. కంప్యూటర్ పెట్టె మీద తెల్లరంగుతో "1" అని ఉంది. పక్కన టేబుల్ ఫ్యాను మీద "3". కిటికీలో రేడియో మీద "4".

"ఈ అంకెలేంటమ్మా?"

ఆవిడ మొహంలో ఆ రోజు మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. "ఆయన పిచ్చి. ముప్ఫై నాలుగేళ్ళు మంచినీళ్ళ పంపుహౌస్‌లో ఆపరేటరు. అక్కడ ప్రతి మోటారుకీ ఒక నంబరు. మోటారు ఎక్కడికి మారినా నంబరు మారకూడదు, పలక పీకకూడదు, అదొక రూలట. రిటైరయ్యాక ఇంట్లో వస్తువులన్నిటికీ రంగుడబ్బా పట్టుకుని తిరిగారు. నాకూ ఒక నంబరు వెయ్యండి అన్నాను ఒకరోజు. నీకు సున్నా, అన్నిటికంటే ముందు నువ్వే అన్నారు."

అంతలోనే ఆ నవ్వు ఏడుపులోకి తిరిగింది. ఆవిడ కళ్ళు తుడుచుకున్నాక అడిగాను.

"పంపుహౌస్‌లో గంటగంటకీ పుస్తకంలో రాస్తారు కదా. ఇంట్లోనూ అలా రాసుకునేవారా?"

"రాయకుండా ఉంటారా! నీ కుర్చీ వెనక, పాత పేపర్ల కింద ఉంటుంది చూడు."

ఇన్‌స్పెక్టర్ టీ కప్పు కింద పెట్టాడు. "ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు నాయనా," అందావిడ.

పొడుగాటి అట్ట పుస్తకం. ప్రతి పేజీలో స్కేలుతో గీసిన నాలుగు గడులు. సమయం, లక్షణం, చేసిన పని, సంతకం. ఏడు వారాల కిందట మొదలైంది. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. నేను పైకి చదివాను.

"'ఉదయం 9.10. పెట్టెలు ఎగురుచున్నవి. షాపతనిని పిలిచాను.' 'సాయంత్రం 5.40. షాపతను బ్రౌజర్ తీసి కొత్తది వేసెను. ఫోనులోని అకౌంటే ఇందులోను పెట్టెను. అన్నీ ఒకేచోట ఉండునట.' 'మరునాడు 10.15. నీటి మోటారు అని కొట్టబోగా నేనడగని ప్రశ్న వచ్చినది. తుడిచాను.' 'మధ్యాహ్నం 2.00. మళ్ళీ వచ్చినది. తుడిచాను.'"

ప్రతి పేజీలోనూ అదే. వచ్చినది, తుడిచాను. వచ్చినది, తుడిచాను. ఎప్పుడో ఒకచోట మాత్రం అలవాటు తప్పి ఒక వాక్యం ఎక్కువ రాశాడు: "ఈ ప్రశ్నలు అడుగుతున్నది ఎవరో పాపం."

ఎవరో ఏమిటో తెలియని మనిషి కోసం ఆ గడిలో ఆయన పాపం అని రాసుకున్నాడు.

"ఇది చూడు," అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో. "రెండు వారాల కిందటి శుక్రవారం. 'ఉదయం 10.00. సిస్టం ఆపి, స్విచ్ తీసి, తాళం వేసి ఇద్దరం కంటి ఆస్పత్రికి. 1.30కి తిరిగి రాక.' నీ లిస్టులో ఆ శుక్రవారం ఏముంది?"

వేలితో వెతికాడు. వేలు ఆగిపోయింది. "పదకొండూ నలభై రెండు."

"స్విచ్ తీసిన కంప్యూటర్లో, తాళం వేసిన ఇంట్లో, పదకొండూ నలభై రెండుకి ఈ ప్రశ్న ఎవరు అడిగారు?"

"ఎవరో హ్యాక్ చేసుండాలి. ఆ షాపువాడే..." తేలుకుట్టిన దొంగలా మొహం పెట్టాడు కానీ పట్టు వదల్లేదు. "లేదా పుస్తకమే తప్పు రాసుండొచ్చు."

"ఆస్పత్రి చీటీ మీద టైముంటుంది, అడుగు. ఈ మనిషి తప్పు రాయడు. నువ్వు చూసిన లిస్టు నిజమే, కానీ ఆ పేజీలు ఈ మిషన్‌లో తెరిచినవి కావు. ఇంకెక్కడో తెరిస్తే ఇక్కడికి వచ్చి చేరాయి. ఒకే అకౌంట్ రెండు మిషన్లలో ఉంటే, అక్కడ అడిగింది ఇక్కడ కూడా కనిపిస్తుంది. ఆయన తుడిచింది అడ్రస్ బార్ కింద జారే వరసనే, హిస్టరీ అలాగే ఉండిపోయింది. ఇక్కడ ఎన్నిసార్లు తుడిచినా, అక్కడ మళ్ళీ అడిగితే మళ్ళీ వస్తుంది. పుండొకచోట, మందొకచోట."

చివరి పేజీకి తిప్పాను. మంగళవారం. రెండే వరసలు.

"'మ. 3.02. అదే ప్రశ్న. నేను కీబోర్డు ముట్టుకొనలేదు. కళ్ళముందే వచ్చినది. సంతకం.' తర్వాత... 'మ. 3.06. హిస్టరీలో పక్క గడి తెరిచాను. పేజీలు దీనివి కావు. అన్నీ నం. 2 వి.'"

అంతే. చేసిన పని అన్న గడి ఖాళీగా ఉంది. సంతకం లేదు. ముప్ఫై నాలుగేళ్ళు గడి ఖాళీ వదలని మనిషి, షిఫ్టు అయిపోతే అడ్డగీత గీసి మరీ పుస్తకం మూసే మనిషి, పెన్ను పుస్తకంలోనే పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

"అమ్మా, ఒకటి కంప్యూటరు. మూడు ఫ్యాను, నాలుగు రేడియో. రెండు ఏది?"

"రెండా?" ఆవిడ నుదురు చిట్లించింది. "రెండు ఆయన పాత ఫోనమ్మా. అమ్మాయి ఆస్పత్రిలో ఉన్నప్పుడు దాని ఫోన్ పగిలిపోతే ఇచ్చేశారు. ఫోటోలన్నీ తీసేసి, శుభ్రంగా తుడిచి, పాత పుస్తకంలో అప్పగింత రాసి మరీ ఇచ్చారు. అందులో ఆయన అకౌంటేదో ఉంది, తీసేద్దామా అని అల్లుడడిగితే, నంబరు పలక పీకకూడదు అన్నారు."

ఇందాక ట్రే కింద చూసిన ఫోన్ గుర్తొచ్చింది. వీపు మీద తెల్లరంగు గీత. అది గీత కాదు. అరిగిపోయిన రెండు.

"అమ్మాయి ఆస్పత్రిలో ఎందుకు ఉంది?"

ఆవిడ వీధి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఏడు నెలలైంది. నెలలు నిండాక పోయాడు. కడుపులోనే."

నేను హిస్టరీలో పక్క గడి తెరిచాను. ఏ పేజీ ఏ మిషన్‌లో తెరిచారో చూపే గడి అది, ఇన్‌స్పెక్టర్ చూడని గడి, పెద్దాయన మూడూ ఆరుకి చూసిన గడి. పైన ఫోన్‌కి ఆయన పెట్టిన పేరుంది: నం. 2. కిందికి జరిపాను. నిన్న, మొన్న, పోయిన వారం, పోయిన నెల. పాతవి కూడా అన్నీ అక్కడే ఉన్నాయి. రాత్రంతా నిద్ర పట్టకపోతే. ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోతే. కొన్న చిన్న బట్టలు ఏం చేయాలి. అన్నిటికంటే కింద, ఏడు నెలల కిందటిది: బిడ్డ పోయాక పాలు ఆగాలంటే ఏం చేయాలి.

తెర అడ్డుపెట్టుకోవాల్సింది. ఆలస్యం చేశాను. ఆవిడ ఎప్పుడు లేచి నా భుజం వెనక్కి వచ్చిందో తెలీదు.

"నన్నడగొచ్చుగా," అంది నెమ్మదిగా. "కంప్యూటర్‌నడగడమేంటి. నన్నడిగితే చెప్పేదాన్నిగా. నాకు తెలుసుగా."

ఇన్‌స్పెక్టర్ తాళంచెవి వంక చూస్తున్నాడు. "ఇది ఆ అమ్మాయి ఇంటిది," అన్నాడు చివరికి. గొంతులో పొగరు లేదు. "ఆమె ఒక్కతే ఉంటుందని... అక్కడికే బయల్దేరాడు."

"భార్యని లేపి 'వెళ్ళొస్తా' అనే టైము కూడా లేదనుకున్నాడు," అన్నాను. "కళ్ళజోడు మార్చుకునే టైము కూడా."

అప్పుడు నేను చూస్తుండగానే తెర మీద వరసలన్నీ ఒక మెట్టు కిందికి దిగాయి. అన్నిటికంటే పైన కొత్త వరస ఒకటి వచ్చి కూర్చుంది. అదే ప్రశ్న. నం. 2. సమయం మూడూ యాభై ఒకటి.

కంప్యూటర్ మూలన గడియారం కూడా మూడూ యాభై ఒకటే చూపిస్తోంది.

"అమ్మాయేదీ?"

"బట్టలు తీయడానికి పైకెళ్ళింది," అంది తల్లి. అన్నాక, తనేమందో తనకే అర్థమైంది.

ఇన్‌స్పెక్టర్ ఒక్క గెంతులో గుమ్మం దాటాడు. నేను పుస్తకం చంకలో పెట్టుకుని పరుగెత్తబోయి, గుమ్మంలో ఆగి, ముక్కు మీది చదివే అద్దాలు తీసి జేబులో పడేశాను. ఆ ఒక్క క్షణం ఆయన కూడా ఆగి ఉంటే, అనిపించింది.

మేడమీద తాడు నిండా బట్టలు. వాటి వెనక, పిట్టగోడకి వీపు ఆనించి ఆమె కింద కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోన్. ఇన్‌స్పెక్టర్ నాలుగడుగుల దూరంలో నిలబడిపోయాడు. ఎంతైనా నా శిష్యుడు. మీద పడి లాక్కోకూడదని ఆ క్షణంలో అతనికి తోచింది. ఇద్దరం చెరో పక్క, గోడ వెంట, ఆమెకి చెయ్యి అందేంత దగ్గరగా చేరాం. నేను ఎండకి కాలిన గచ్చు మీద చతికిలబడ్డాను.

ఆమె పుస్తకాన్ని చూసింది. తండ్రి చేతిరాత గుర్తుపట్టింది.

"నాన్న చూశారా?" అంది. "నేనడిగినవన్నీ?"

నా వృత్తిలో నిజం దొరికాక పని అయిపోతుంది. ఆ రోజు అక్కడే మొదలైంది. చూడలేదు అంటే ఇందాక కింద తల్లి విన్న నిజాన్ని ఈ పిల్ల దగ్గర ఆవిడ జీవితాంతం దాచాల్సి వస్తుంది. చూశారు అంటే ఆ మాట వచ్చి ఈ పిల్ల నెత్తిన పడుతుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈ ఇంట్లో అందరూ ఒకళ్ళకొకళ్ళు చెప్పకుండా దాచుకునే ఇక్కడిదాకా వచ్చారు.

"చూశారు. చూసిన నాలుగో నిమిషానికి మెట్ల మీదున్నారు. చేతిలో నీ ఇంటి తాళంచెవి."

ఆమె మొహం తెల్లబోయింది. "అయితే నేనే..."

"కాదు. రెండో మలుపులో మెట్టు పొట్టిది. ఆయన కళ్ళకి చదివే అద్దాలున్నాయి. అంతే. ఏడు వారాలు ఇవి ఎవరి ప్రశ్నలో తెలియకుండానే పాపం అని రాసుకున్న మనిషమ్మా. నీవని తెలిశాక కూర్చోగలడా? నువ్వు పిలవలేదు. ఆయనే వచ్చాడు."

పుస్తకం తెరిచి చివరి పేజీ ఆమె ముందు పెట్టాను. ఆమె చదివింది. మళ్ళీ చదివింది. ఖాళీ గడి మీద వేలు పెట్టి ఉంచింది. అప్పుడొచ్చింది ఏడుపు, ఏడు నెలలు ఎక్కడ దాచిందో అంతా.

మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడు. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. ఇన్‌స్పెక్టర్ సాయం వెళ్ళబోతే ఆవిడ చెయ్యి విదిల్చింది. తాడు మీది బట్టలు తప్పించుకుంటూ వచ్చి, గోడ పట్టుకుని, మూలుగుతూ కూతురు పక్కన కూలబడింది.

"మీ నాన్న చెప్పకుండా వెళ్ళారు," అంది రొప్పుతూ. "నువ్వు కూడా చెప్పకుండానే వెళ్తావా?"

"అమ్మా..."

"నీకంటే ముందు ఒకడు పుట్టాడే. పదకొండు రోజులు. నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అందరూ ఇంకొకరు పుడతార్లే అన్నారు, నోరు మూసుకున్నాను. నిన్ను చూసి కూడా మూసుకునే ఉన్నాను. తప్పు నాది. అడుగు. అన్నీ నన్నడుగు."

కూతురు తల్లి ఒళ్ళో మొహం దాచుకుంది. ఆవిడ ఆ జుట్టు నిమురుతూ కూర్చుంది. నేను లేచి రెండడుగులు ఇవతలికి వచ్చాను. కింద వీధిలో స్టేషన్ వ్యాను హారన్ కొట్టింది. ఇన్‌స్పెక్టర్ పిట్టగోడ మీంచి వంగి, పొమ్మని చెయ్యి ఊపాడు.

"ఫైల్లో ఏం రాయమంటారు మేడమ్?" గొంతు తగ్గించి అడిగాడు.

"మెట్టు తప్పి పడ్డాడని రాయి. ఎక్కడికి వెళ్తూ పడ్డాడో రాయనక్కర్లేదు. అది వీళ్ళది."

తలూపాడు. "మా ఆవిడ వెళ్ళే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. మా బాబు పోయినప్పుడు... మంచి మనిషి. ఇప్పుడే ఫోన్ చేస్తాను." అతనికి బాబు ఉండేవాడని, పోయాడని నాకు అప్పటిదాకా తెలీదు. మూడు కేసుల్లో ఒక్కసారి కూడా నేనడగలేదు.

కాసేపటికి ఆమె తలెత్తింది. నేను ఫోన్ కోసం చెయ్యి చాచాను. "ఇందులోంచి మీ నాన్నగారి అకౌంట్ తీసేస్తాను. ఒక్క నిమిషం పని. ఇక నీ పేజీలు అక్కడ కనిపించవు."

ఆమె ఫోన్ వీపు మీది అరిగిన రెండుని బొటనవేలితో తడిమింది. "తీయొద్దండీ," అంది. "అలాగే ఉండనివ్వండి. అమ్మ చూస్తుంది."

నా చేత్తో సగంలో వదిలేసిన రిపేరు అదొక్కటే.

అమ్మాయిని ఒక పక్క నేను, ఇంకో పక్క తల్లి పట్టుకున్నాం. నిజానికి ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చెప్పడం కష్టం. ఇన్‌స్పెక్టర్ ముందు నడుస్తూ ఒక్కో మెట్టూ లెక్కపెట్టి చెప్పాడు. ఇంట్లోకి రాగానే ఆవిడ స్టూలు దాకా కూడా వెళ్ళలేదు. పెన్ను అడిగింది. ఆయన బయటికెళ్ళే కళ్ళజోడు పెట్టుకోబోయి, కనిపించక తీసేసి, నా అద్దాలు అడిగి తీసుకుంది. మూడూ ఆరు అని ఉన్న వరసలో, ఖాళీగా ఉన్న గడిలో, వంకర అక్షరాలతో రాసింది. "అమ్మాయి దగ్గరికి వెళ్ళాము. ఇద్దరం కలిసి మెట్లు దిగాము."

పక్క గడిలో సంతకం పెట్టింది. అడ్డగీత మాత్రం గీయలేదు.